ఒక బద్ద తక్కువ

కిందటి శ్రావణంలో నాలుగు దూడలు పోయాయి.
పారుడు. మొదట తెల్లగా, తరవాత నీళ్లలా,
ఆ తరవాత పారడానికి లోపల ఏమీ లేక.
అన్నీ ఒకేచోట పడుకునేవి, ఒకదాని నడుం మీద ఇంకోదాని తల.
పోవడం కూడా వరసగానే పోయాయి.
గొయ్యి తవ్విన తవుడు నాలుగోసారి
పార కడుక్కోకుండానే ఇంటికెళ్లిపోయాడు.

అందుకే ఈసారి ఆవులు ఈనకముందే
గరివిడి నుంచి డాక్టరమ్మ వచ్చింది.
సాల నేల మీద చీపురుపుల్లతో గీతలు గీసింది.
"ఎవరి గది వాళ్లది. ఎవరి బకెట్ వాళ్లది.
ఒకదాన్నొకటి నాకనివ్వద్దు."
గౌరునాయుడు సరుగుడు బద్దలు తెచ్చి ఆరు గదులు కొట్టించాడు.
గదికో నంబరు, ఎర్ర పెయింటుతో.
మూడు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది.

రాత్రిపూట పాలు పట్టేది నేను.
వేళ్లు బకెట్లో ముంచితే చనుమొనలనుకుని లాక్కుంటాయి.
గరుకు నాలుకలు. ఈ వేళ్లకి గరుకు కొత్త కాదు,
పందొమ్మిదేళ్లు జూట్ మిల్లులో గోగునార పట్టాయి.

డాక్టరమ్మ చెప్పింది అబద్ధం కాదు.
మార్గశిరం సగమైంది, ఆరూ బతికున్నాయి.
పేడ గట్టిగా వేస్తున్నాయి.
నాయుడి పుస్తకంలో బరువుల గడులు నిండుతున్నాయి.
నాకు అంకెలొచ్చు. సంతోషంగానే చదువుకుంటాను.

అయినా
అర్ధరాత్రి దాటాక గూడ్సు బండి పోయినప్పుడు
ఆరు తలలూ ఒకేసారి లేస్తాయి.
టార్చి వేసి చూస్తే
మెత్తగా గడ్డి పరిచిన నడిమధ్య ఖాళీ.
మూడోది కుడి అంచుకి, నాలుగోది ఎడమ అంచుకి,
వీపు ఆనించి పడుకుని ఉన్నాయి.
బద్దల సందులోంచి దీని బొచ్చు అటు, దాని బొచ్చు ఇటు.
బద్ద మీద చెయ్యేసి చూశాను.
వెచ్చగా ఉంది, చలికాలపు కర్ర.

మిల్లులో మేమూ అంతే. ఫ్రేముకి ఒకరం.
ఆ మోతలో మాట వినబడదు.
ఎదుటి ఫ్రేము దాలమ్మ పెదాలు చూసి
వాళ్లింట్లో ఏం కూరో, గుంటడికి జొరం తగ్గిందో లేదో తెలుసుకునేదాన్ని.
మిల్లు మూసేశాక ఓరోజు సంతలో కనబడింది.
చాలాసేపు ఇద్దరం గొంతు లేకుండానే మాట్లాడుకున్నాం.
వంకాయలబ్బి మమ్మల్ని మూగోళ్లనుకుని
ధర వేళ్లతో చూపించాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను.
"అమ్మా, రెండేసి ఉంచితే ఏటవుద్ది?"
కాసేపు ఏమీ అనలేదు.
"బొడ్లు ఆరాయా?"
"ఆరిపోనాయి."
"పాలు తాగాక ఒకదాని చెవి ఒకటి చీకుతుంది. బొడ్డు చీకుతుంది. చూసుకుంటావా?"
"నాకు నిద్దరెక్కడిది తల్లీ."
"అన్నీ కాదు. ఒక్క జతే. పేడ పలచబడిందంటే
ఆ నిమిషమే విడదియ్యి."

గునపంతో ఒక బద్ద పీకాను. ఆపైన ఇంకోటి.
ముద్దులాడతాయనుకున్నాను.
నాలుగోది లోపలికొచ్చి మూడోదాన్ని ఒక్క కుమ్ము కుమ్మింది.
మూడోది బకెట్ తన్ని మూలకి పరిగెత్తింది.
నా చీరంతా పాలు.
అరగంటకి రెండూ నడిమధ్య గడ్డి మీద పడుకున్నాయి,
ఒకదాని నడుం మీద ఇంకోదాని తల.

అచ్చం అలాగే, కిందటేడు.

ఆ చూపు నాకు మంచిది కాలేదు.
తెల్లారేదాకా అక్కడే గోనె పరుచుకు కూర్చున్నాను.
దీని తోక ఎత్తి చూడ్డం, దాని తోక ఎత్తి చూడ్డం.
చెవి నోట్లోకి పోతే వేలు అడ్డం పెట్టడం.

పొద్దున నాయుడు వచ్చి గదులు లెక్కపెట్టాడు.
"ఐదే ఉన్నాయేటి?"
"దూడలు లెక్కెట్టు బాబూ," అన్నాను.

పీకిన బద్దలు గోడవారన నిలబెట్టే ఉన్నాయి.
మేకులు ఎనిమిది, వంకర్లు రాయితో సరిచేసి
కొంగున ముడేసుకున్నాను.
నడిస్తే చప్పుడవుతున్నాయి.